స్తూపం మీద పేర్లు, ఫ్లెక్సీ మీద పేర్లు

సెప్టెంబర్ 17 వస్తోందంటే చాలు, నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ దాకా చౌరస్తాల్లో ఫ్లెక్సీలు మొలుస్తాయి. 2022లో కేంద్రం ఆ రోజుని విమోచన దినం అంది, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. పేర్లు మూడు, బొమ్మ మాత్రం ఒక్కటే. పైన వరసగా నాయకుల తలకాయలు, మధ్యలో జెండా, అడుగున ఓ మూల తపాలా బిళ్ళంత సైజులో తుపాకి పట్టుకున్న మనుషులు. టెంప్లేటు అదే, రంగు మారుతుందంతే. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో కాపీ పేస్ట్ కోడు.

మన నేల మీద జరిగిన యుద్ధానికి మన డిజైనర్లు ఇస్తున్న జవాబు ఇదన్నమాట!

యుద్ధం అని ఊరికే అనట్లేదు. 1946 జులై 4న కడవెండిలో (అప్పట్లో అది నల్లగొండ జిల్లాయే) దొడ్డి కొమరయ్య చనిపోయాడు. 1951 అక్టోబర్‌లో విరమించేదాకా పోరాటం సాగింది. ముందు దేశ్‌ముఖులు, రజాకార్లు. 1948 సెప్టెంబర్ తర్వాత భారత సైన్యం. దళాలు నల్లమలలో అమ్రాబాద్ దాకా వెళ్ళాయి. సుందరయ్య లెక్క ప్రకారం చనిపోయిన ఉద్యమకారులు నాలుగు వేల మంది దాకా.

దీనికి పాట మనవాళ్ళే కట్టారు, సుద్దాల హనుమంతు లాంటివాళ్ళు. 1947లో 'మా భూమి' నాటకం రాసింది సుంకర, వాసిరెడ్డి. కానీ కెమెరా పట్టుకుని వచ్చింది సునీల్ జానా. 1980లో వచ్చిన 'మాభూమి' సినిమాకి దర్శకుడు గౌతమ్ ఘోష్. ఇద్దరూ బెంగాలీలే. పాటకి మనం, బొమ్మకి బెంగాలూ!

ఆ జానాతో పాటు పనిచేసిన చిత్తప్రసాద్ సంగతి చూడండి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బెంగాల్‌ని కరువు తినేస్తుంటే, 1943లో మిడ్నపూర్ జిల్లా తిరిగి బొమ్మలు గీశాడు. బొమ్మతో పాటు ఆ మనిషి పేరు, ఊరు కూడా రాసుకున్నాడు. 'హంగ్రీ బెంగాల్' అని పుస్తకంగా వేస్తే బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టించింది.

"అదీ పార్టీ ప్రచారమే కదా" అంటారు. నిజమే, ప్రచారమే. కాకపోతే అందులో పెద్దగా కనపడేది ఆకలితో ఉన్నవాడు, పార్టీ నాయకుడు కాదు. తేడా అంతా అక్కడే ఉంది.

"కస్టమర్ అడిగిందే చేస్తాం, మా పొట్ట కొట్టకండి" అని ఫ్లెక్సీ షాపుల వాళ్ళు అనొచ్చు. వాళ్ళతో నాకు పేచీ లేదు. నా పేచీ పెద్ద చదువులు చదివి, సెప్టెంబర్ వచ్చేసరికి ఏఐకి నాలుగు ముక్కలు చెప్పి, చాకలి ఐలమ్మకి సినిమా హీరోయిన్ మొహం తగిలించి వాట్సాప్‌లో వదిలేవాళ్ళతో. ఆ మొహం మీద ఎండ లేదు, చాకిరీ లేదు.

ఇంకోటి. పోలీస్ యాక్షన్ తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో చనిపోయినవాళ్ళు కనీసం 27 వేల నుంచి 40 వేల మంది అని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. వాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు. విమోచన అన్నా, సమైక్యత అన్నా, వాళ్ళు ఏ మూలా కనపడరు. తపాలా బిళ్ళంత చోటు కూడా దక్కలేదు.

నా మటుకు నాకు మన దగ్గర ఉన్న గొప్ప డిజైను నల్లగొండ పల్లెల్లోని ఎర్ర స్తూపమే. మేస్త్రీ కట్టాడు, పెయింటర్ అక్షరాలు రాశాడు. దాని మీద ఉండేవి చచ్చిపోయినవాళ్ళ పేర్లు. ఫ్లెక్సీ మీద ఉండేవి డబ్బులిచ్చినవాళ్ళ పేర్లు.

డిజైనర్ బాబులూ, ఒక్క పని చెయ్యండి. వచ్చే సెప్టెంబర్‌కి మీ ఊరి స్తూపం దగ్గరికెళ్ళి ఆ పేర్లు రాసుకోండి. స్తూపం లేకపోతే ముసలాళ్ళని అడగండి, ముస్లింల వాడలో కూడా అడగండి. ఆ పేర్లతో ఒక్క ఫ్లెక్సీ వెయ్యండి. ఒక్క తలకాయా లేకుండా.

ఖర్చులో నా వాటా నేనిస్తాను. కింద నా పేరు మాత్రం వెయ్యకండి.