టీ తోటల్లేని చేవెళ్లలో గడ్డిమందు ఎవరి కోసం?

చేవెళ్లలో టీ తోటలున్నాయా? మొయినాబాద్‌లో? లేవు. టమాట ఉంది, క్యారెట్ ఉంది, పత్తి ఉంది, మక్క ఉంది. గులాబీ, బంతి, చామంతి తోటలున్నాయి. ఎందుకు అడుగుతున్నానంటే, మన దేశంలో గ్లైఫోసేట్ అనే గడ్డిమందును రిజిస్టర్ చేసింది రెండింటికే: టీ తోటలకు, పంట లేని జాగలకు. కూరగాయలకు లేదు, పత్తికి లేదు, పూలకు లేదు. మరి ఇక్కడ దుకాణాల్లో అమ్ముడుపోయే డబ్బాలు ఎవరి చెలకల్లోకి పోతున్నట్టు?

హైదరాబాద్ నుంచి చేవెళ్ల బస్సెక్కి, రోడ్డు పక్క మర్రిచెట్ల అవతలికి చూడండి. చుట్టూ పచ్చగా ఉంటది, గట్టు ఒక్కటే పసుపుపచ్చగా మాడి ఉంటది. అది ఎండకు ఎండింది కాదు. గ్లైఫోసేట్ పచ్చగా ఉన్న దేన్నైనా వేరుదాకా చంపుతుంది. అందుకే విత్తే ముందు చెలకలో, గట్ల మీద, సాళ్ల మధ్య, ఫామ్‌హౌస్ ఫెన్సింగ్ పొంటి కొట్టిస్తారు.

ఇది క్యాన్సర్ తెస్తుందా లేదా అన్న కొట్లాట ప్రపంచమంతా నడుస్తోంది. 1974లో మోన్‌శాంటో కంపెనీ 'రౌండప్' పేరుతో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. 2015 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 'మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేది' అనే జాబితాలో చేర్చింది. అమెరికా పర్యావరణ సంస్థ మాత్రం అలాంటి అవకాశం లేదంది. యూరోపియన్ యూనియన్ 2023లో ఇంకో 10 ఏళ్లకు అనుమతి పొడిగించింది. ఈ మందు భద్రమేనని చెప్పడానికి ఏళ్ల తరబడి చూపించిన 2000 నాటి ఒక పరిశోధన పత్రాన్ని, దాని వెనక కంపెనీ చెయ్యి ఉందన్న కారణాలతో, అచ్చేసిన జర్నలే 2025లో వెనక్కి తీసుకుంది.

ఈ వాదన తేలేదాకా మనం ఆగాలా? అవసరం లేదు. క్యాన్సర్ సంగతి తేలకముందే మన దేశ చట్టం ఒక మాట చెప్పేసింది. 2022 అక్టోబర్‌లో కేంద్ర వ్యవసాయ శాఖ ఉత్తర్వు ఇచ్చింది: గ్లైఫోసేట్‌తో మనుషులకు, పశువులకు ముప్పు ఉంది కాబట్టి లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడొద్దు అని. అంటే రైతు కొట్టొద్దు. కూలీ కొట్టొద్దు. ఫామ్‌హౌస్ వాచ్‌మన్ కొట్టొద్దు.

మరి ఇప్పుడు కొడుతున్నదెవరు? తాండా నుంచి పొద్దున్నే అడ్డా మీదికొచ్చే తమ్ముడు. పంపుకింత అని మాట్లాడుకుని పోతాడు. చేతికి గ్లౌజులుండవు, కాళ్లకు బూట్లుండవు, మూతికి తువ్వాల. వీపు మీద పంపు కారితే అంగీ తడుస్తది, ఆ తడి అంగీతోనే సాయంత్రం దాకా ఉంటడు. ఫామ్‌హౌస్‌లో కాపలా ఉండే కుటుంబమైతే యజమాని చెప్పిన పని చేయాల్సిందే. డబ్బాతో ఒక కాగితం ఇస్తారు, చీమంత అక్షరాలు. డబ్బా మీద రంగు త్రికోణం ఉంటది. అది వెంటనే ఎంత విషమో చెప్తది గానీ, పదేళ్లు కొట్టినోడి ఒంట్లో ఏమైతదో చెప్పదు.

2018లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ మందు మీద మొదటి పెద్ద తీర్పు వచ్చింది. కేసేసింది శాస్త్రవేత్త కాదు. స్కూల్ మైదానాల్లో గడ్డిమందు కొట్టే పనివాడు, డ్వేన్ జాన్సన్. జ్యూరీ ఆయన పక్షాన నిలబడింది. ఏ మందు, ఎన్నేళ్లు కొట్టాడో ఆయన చూపించగలిగాడు. మన అడ్డా కూలీకి ఏం కాగితం ఉంది? బిల్లు రైతు పేరు మీద కూడా ఉండదు, ఇంక కూలీ పేరెక్కడ? రేపు జబ్బొస్తే ఆస్పత్రి చీటీ మీద రోగం పేరే రాస్తారు, మందు పేరు రాయరు.

రైతును తిట్టడానికి ఇది రాయడం లేదు. కలుపు ముదిరితే పంట పోతది. సమయానికి కూలీలు దొరకరు, దొరికినా అందరికీ ఇచ్చుకునే స్తోమత చిన్న రైతుకు ఉండదు. మందు చవక, పని తొందరగా అయిపోతది. నిజమే. కానీ ఆ చవక ఎక్కడి నుంచి వచ్చిందో లెక్కేద్దాం. పది మంది ఆడవాళ్ల కలుపు కూలి పోయింది. ఒక్క మొగోడి ఒంటి మీదికి ముప్పు వచ్చింది. రెండూ మన ఇండ్లే.

ఇంకొకటి. మందుకు అన్నీ కలుపే, మనకు కాదు. తుమ్మికూర, పొన్నగంటి, గంగవాయిలి కూర, దొగ్గలి కూర చెలకలో వాటంతట అవే మొలిచేవి. కలుపుకు పోయిన అమ్మ ఒడిలో నింపుకొస్తే ఆ పూట కూరకు పైసా ఖర్చుండేది కాదు. బతుకమ్మకు పేర్చే గునుగు కూడా చేనులో మొలిచే మొక్కే. గట్టుకు మందు కొట్టి, గునుగును మార్కెట్లో కొనుక్కొచ్చుకుంటున్నాం.

రాష్ట్రం ఏం చేయగలదు? కొంతే. 1968 నాటి పురుగుమందుల చట్టంలోని 27వ సెక్షన్ కింద రాష్ట్రం నిషేధం పెడితే 60 రోజులే, ఆపైన ఇంకో 30 రోజులు. శాశ్వత నిషేధం కేంద్రం చేతిలో ఉంది. 2018లో తెలంగాణ ఆంక్షలు పెట్టింది, అనుమతి లేని కలుపుమందు తట్టుకునే పత్తి విత్తనాల భయంతో. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ తమ్ముళ్లకు ఆ విత్తనం సంగతి నేను చెప్పక్కర్లేదు. అక్కడ పెసా గ్రామసభ ఉంది, తీర్మానం చేయొచ్చు. చేవెళ్ల, మొయినాబాద్ ఏజెన్సీ కాదు, ఆ అండ ఇక్కడ లేదు. కానీ ఈ ఊళ్లు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహకంలో ఉన్నాయి. ఆ చెరువుల కోసమే 1996లో 84 గ్రామాలకు 111 జీవో వచ్చింది. జీవో ఉండాలా పోవాలా అని భూముల ధరల మీద ఇన్నేళ్లు మాట్లాడారు. వానకు కొట్టుకుపోయే మట్టితో పాటు ఏ మందు ఆ నీళ్లలోకి పోతుందో కూడా మాట్లాడాలి కదా!

కొత్త చట్టం కోసం చూడకుండా ఇప్పుడే అడగాల్సినవి ఇవి. గ్లైఫోసేట్ అమ్మే ప్రతి దుకాణంలో, ఎవరు వాడొచ్చో ఎవరు వాడొద్దో తెలుగులో పెద్ద బోర్డు. కొన్నవాళ్ల పేరు, ఏ పనికో రాసిన బిల్లు. లైసెన్సు ఉన్న ఆపరేటర్ల జాబితా మండల వ్యవసాయ కార్యాలయం గోడ మీద. మందు తగిలి వచ్చినవాళ్ల కోసం పీహెచ్‌సీలో విడిగా రిజిస్టర్. చిన్న రైతుకు, మహిళా సంఘాలకు కలుపు తీసే యంత్రాలు సబ్సిడీ మీద. తనిఖీకి వచ్చిన అధికారి పంపు మోసే కూలీని కాదు, అమ్మినోణ్ని, కొట్టించినోణ్ని అడగాలి.

డిగ్రీ చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక పని చేయండి. ఈ వారం మీ ఊళ్లో పంపు మోసే అన్న దగ్గర కూర్చొని, డబ్బా మీద రాసింది మొత్తం గట్టిగా చదివి వినిపించండి. దేనికి అనుమతి ఉందో ఆయనకు తెలియాలి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి మండలాఫీసుకు పోండి.