హారంలోని కరణి

తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక బాలుని తల్లి గత మాసంలో మా మద్రసాకు వచ్చారు. "మౌల్వీ గారూ, మావాడు లెక్కల పుస్తకం తెరవనంటున్నాడు. మీరు కోప్పడ్డారట" అన్నారు. నిజమే. హారంలో వర్గమూలం ఉండనివ్వరాదని నేను చెప్పినప్పుడు, "ఉంటే తప్పేమిటి?" అని ఆ బాలుడు అడిగాడు. "మార్కులు పోతాయి, కూర్చో" అని గద్దించాను. అది జవాబు కాదని నాకు అప్పుడే తెలుసు. ఇవ్వవలసిన జవాబును ఇక్కడ వ్రాస్తున్నాను. తల్లిదండ్రులు కాగితం, కలం దగ్గర ఉంచుకొని పిల్లలతో కలిసి చదవగలరు.

హారంలో వర్గమూలం ఉండటం తప్పు కాదు. 1/√2 అన్నా, √2/2 అన్నా సంఖ్య ఒక్కటే. తేడా లెక్కించే శ్రమలో ఉంది. √2 విలువ సుమారు 1.41421356. ఒకటిని దీనితో చేతిలెక్కన భాగించి చూడండి, ఎంతసేపు పడుతుందో! అదే సంఖ్యను సగం చేయడం నాలుగో తరగతి పిల్లవానికీ సాధ్యమే: 0.70710678.

శ్రమను మించిన నష్టం మరొకటి ఉంది. 1/(√10 − 3) తీసుకోండి. √10 ను 3.16 అనుకుంటే హారం 0.16, భాగఫలం 6.25. అసలు విలువ మాత్రం సుమారు 6.1623. √10 లో మనం వదిలేసింది 0.0023 మాత్రమే, జవాబులో తప్పు 0.09 దాకా పెరిగింది. దగ్గరి సంఖ్యలను ఒకదాని నుండి మరొకటి తీసివేస్తే మిగిలేది బహు స్వల్పం. మనం వదిలిన కొద్దిపాటి అంశమే అందులో పెద్ద వాటా అవుతుంది. కంప్యూటర్లు కూడా పరిమితమైన అంకెలతోనే పనిచేస్తాయి గనుక వాటికీ ఈ చిక్కు తప్పలేదు.

ఇక ఉపాయం. పిల్లలు మొదట హారాన్ని దానితోనే గుణిస్తారు. అప్పుడు 19 − 6√10 వస్తుంది, మూలం పోలేదు. నడిమి గుర్తును మార్చి √10 + 3 తో గుణిస్తే 10 + 3√10 − 3√10 − 9 అవుతుంది. మధ్యనున్న రెండు పదాలు ఒకదాన్నొకటి కొట్టివేసుకొని, 1 మాత్రమే మిగులుతుంది. ఇలా గుర్తు మార్చిన జతనే సంయుగ్మం అంటారు. లవాన్ని కూడా దానితోనే గుణించాలి (సగం మంది మరచేది ఇక్కడే), లేకుంటే భిన్నం విలువ మారిపోతుంది. జవాబు √10 + 3. ఇందులో అదే 3.16 వేసినా 6.16 వస్తుంది.

ఈ ఉపాయం పాతది. 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో కరణుల భాగహారానికి ఇదే విధానం చెప్పాడు: భాజకంలో ఒక పదం గుర్తు మార్చి రెంటినీ గుణించు, ఒకే పదం మిగిలేదాకా మళ్ళీ గుణించు. అరబ్బీ గణితజ్ఞులు ఇటువంటి మూలాన్ని 'అసమ్మ్', అనగా చెవిటిది, అన్నారు. లాటిన్‌లోకి ఆ అర్థంతోనే వెళ్ళి, ఇంగ్లీషులో 'సర్డ్' అయింది. అరబ్బీ వ్యాకరణంలో ఈ మాట మరో అర్థంలో చదువుకున్న నాకు, లెక్కల్లో అది ఎదురైనప్పుడు పాత పరిచయస్థుడు కనిపించినట్లయింది.

ఆ బాలుణ్ణి మరునాడు పిలిచి, నాదే పొరపాటని చెప్పి, 1/(1 + √2 + √3) ఇచ్చాను. వాడు 1 + √2 − √3 తో గుణించాడు. హారంలో (1 + √2) వర్గం నుండి 3 పోగా 2√2 మిగిలింది. "ఇంకా ఒకటి ఉండిపోయింది, మౌల్వీ సాబ్" అన్నాడు. "మళ్ళీ గుణించు" అన్నాను. √2 తో గుణించి (2 + √2 − √6)/4 అని వ్రాశాడు.

పుస్తకం మూయకుండానే, "ఘనమూలం ఉంటే?" అని అడిగాడు. గుర్తు మార్చడం అక్కడ పనిచేయదు, మూడు పదాల గుణకం కావాలి. 1/(∛2 − 1) ను ఇద్దరం మొదలుపెట్టాము. అస్ర్ వేళ కావడంతో సగంలో ఆపాము. మిగతాది వచ్చే నెల.