ప్రమాద రేఖకు చట్టబలం కావాలి: ధ్రువాల మంచు లెక్కలు, మన తీర నిబంధనలు

అంటార్కిటికా మీదున్న మంచంతా కరిగితే ప్రపంచ సముద్రమట్టం సుమారు 58 మీటర్లు పెరుగుతుంది. గ్రీన్‌లాండ్ మంచు దానికి మరో 7 మీటర్లకు పైగా కలుపుతుంది. అంతా కరగడానికి వేల ఏళ్లు పడుతుంది కాబట్టి ఈ అంకెలతో ఎవరినీ బెదిరించనక్కర్లేదు. తీరానికి కావలసిన లెక్క వేరు: ఆ మంచులో నూరోవంతు ఎప్పటికి సముద్రంలో చేరుతుంది? నూరోవంతంటే 65 సెంటీమీటర్లు. జవాబు కోసం శాస్త్రజ్ఞులు ఆధారపడేది మంచుఫలకాల కంప్యూటర్ నమూనాల మీద. అవి ఇచ్చేది ఒక అంకె కాదు, కింది అంచూ పై అంచూ ఉన్న ఒక పరిధి. భారత తీర నిబంధనలు ఆ పై అంచును లెక్కలోకి తీసుకోవాలి, సముద్రం ఎక్కడిదాకా రావచ్చో చూపే, 2019లో పక్కనపెట్టిన ప్రమాద రేఖకు చట్టబలం ఇవ్వాలి. ఈ కరపత్రం కోరేది ఇదే.

మంచుఫలకం కదలని దిమ్మ కాదు. కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు తన బరువుకు తానే సాగి, అంచులకేసి పారుతుంది. ఎంత ఒత్తిడికి ఎంత వేగంగా సాగుతుందో జాన్ గ్లెన్ 1950లలో ప్రయోగశాలలో కొలిచాడు. ఒత్తిడి రెట్టింపైతే సాగే వేగం దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. నేటి నమూనాలు చాలావరకు ఈ సూత్రం మీదే నిలబడ్డాయి. పైన కురిసే మంచు, వేసవిలో కరిగి పారే నీరు, అడుగున రాతి మీద జారుడు, కిందినుంచి తగిలే సముద్రపు వేడి దీనికి తోడవుతాయి. అడుగున రాయి ఎంత గరుకో అంతటా తవ్వి చూడడం సాధ్యం కాదు. ఉపగ్రహాలు కొలిచిన మంచు వేగంతో సరిపోయేలా దాన్ని వెనక్కి లెక్కకడతారు. గ్రీన్‌లాండ్‌లో ముఖ్యంగా చూడవలసింది పైభాగపు కరుగుదల. అసలు చిక్కంతా పశ్చిమ అంటార్కిటికాలో ఉంది.

అక్కడ మంచు కూర్చున్న నేల చాలాచోట్ల సముద్రమట్టానికి దిగువన ఉంది. లోపలికి పోయేకొద్దీ ఇంకా లోతు. మంచు నేలను వదిలి నీటిపై తేలడం మొదలయ్యే గీత ఒకటుంటుంది. వెచ్చటి నీరు తగిలి ఆ గీత వెనక్కి జరిగితే, అది మరింత లోతైన చోటికి, మరింత మందమైన మంచు దగ్గరికి చేరుతుంది. మందం పెరిగితే బయటికి పారే మంచూ పెరుగుతుంది, గీత ఇంకా వెనక్కి పోతుంది. ఈ అస్థిరతను వీర్ట్‌మన్ 1974లో గణితంగా చూపాడు. బొగ్గుపులుసు వాయువు పెరిగితే ఈ ప్రాంతానికే ముప్పని జాన్ మెర్సర్ 1978లో హెచ్చరించాడు. అక్కడి త్వైట్స్ హిమానీనదం ఒక్కటే వైశాల్యంలో నేటి ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది. అది పూర్తిగా పోతే సముద్రం సుమారు 65 సెంటీమీటర్లు పెరుగుతుంది.

పాత నమూనాలు ఈ గీత కదలికను పట్టుకోలేకపోయాయి. లెక్క కోసం అవి మంచును విడగొట్టే గడులు పదుల కిలోమీటర్ల వెడల్పు ఉండేవి. గీత దగ్గర కిలోమీటరు, అంతకంటే చిన్న గడులు కావాలి. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘం ఐపీసీసీ 2007 నివేదిక ఈ శతాబ్దాంతానికి 18 నుంచి 59 సెంటీమీటర్ల పెరుగుదల చెప్పింది. మంచు ప్రవాహం రానురాను వేగం పుంజుకునే అవకాశాన్ని ఇందులో కలపలేదని కూడా చెప్పింది. పట్టికలోని అంకె ప్రచారమైనంతగా ఆ షరతు కాలేదు. అప్పటికి అయిదేళ్ల కిందటే, 2002లో, అంటార్కిటికాలో లార్సెన్-బి అనే తేలే మంచు పలకలో 3,250 చదరపు కిలోమీటర్లు కొన్ని వారాల్లోనే ముక్కలై, దాని వెనకున్న హిమానీనదాలు పరుగందుకున్నాయి.

2016లో డికాంటో, పొలార్డ్ ఎత్తైన మంచు గోడలు తమ బరువుకే విరిగిపడే ప్రక్రియను నమూనాలో చేర్చి, ఉద్గారాలు తగ్గకపోతే అంటార్కిటికా ఒక్కటే 2100 నాటికి మీటరుకు పైగా కలపగలదన్నారు. తోటి శాస్త్రజ్ఞులు సందేహించారు. 2021లో వాళ్ల బృందమే ఆ అంచనాను బాగా తగ్గించింది. అదే ఏడాది ఐపీసీసీ, అత్యధిక ఉద్గారాల దారిలో 63 నుంచి 101 సెంటీమీటర్లు సంభావ్యమని, మంచుఫలకాల విషయంలో తెలియనిది చాలా ఉన్నందున 2 మీటర్లకు చేరువ కావడాన్నీ కొట్టిపారేయలేమని రాసింది.

ఈ హెచ్చుతగ్గులు చూసి నమూనాలను నమ్మలేమనడం తేలిక. కానీ వాటిలో ఒక తీరు కనిపిస్తుంది: పెద్దగా ఊగేది పై అంచే. మంచు అంచనా కంటే కాస్త తక్కువ కరగొచ్చు, ఎక్కువ కరిగితే మాత్రం చాలా ఎక్కువే కరగొచ్చు. దీనికి భూమి చరిత్రలోనూ సాక్ష్యముంది. సుమారు 1,25,000 ఏళ్ల కిందట, పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటే ఒక డిగ్రీ అటూఇటూ వేడి ఎక్కువగా ఉన్న కాలంలో, సముద్రం ఇప్పటికంటే 5 నుంచి 10 మీటర్లు ఎత్తున ఉండేది.

బంగాళాఖాతానికి ప్రపంచ సగటు సరిపోదు. భారీ మంచుఫలకం తన గురుత్వాకర్షణతో సముద్రపు నీటిని దగ్గరికి లాక్కుంటుంది. అది సన్నబడితే దాని పక్కన నీరు తగ్గి దూరాన పెరుగుతుంది. అందుకే పశ్చిమ అంటార్కిటికా కరిగితే హిందూ మహాసముద్రంలో పెరుగుదల సగటును మించుతుంది. పైగా కృష్ణా, గోదావరి డెల్టాలు కుంగుతున్నాయి, రావలసిన ఒండ్రు ఆనకట్టల వెనక ఆగిపోతోంది. ఉప్పాడ తీరాన్ని కోత తినేస్తూనే ఉంది.

నిబంధనలు మాత్రం ఎదురు దిశలో నడిచాయి. ముంపు, సముద్రమట్టం పెరుగుదల, తీరం కోత లెక్కలోకి తీసుకుని సర్వే ఆఫ్ ఇండియా ప్రమాద రేఖ గీసింది. 2019 తీర నియంత్రణ మండలి (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ ఆ రేఖను విపత్తు నిర్వహణ ప్రణాళికలకు వాడుకోమంది కానీ, కట్టడాల అనుమతులతో దానికి సంబంధం తెంచేసింది. జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన తీర గ్రామాల్లో నిర్మాణ నిషేధ మండలాన్ని పోటు రేఖ నుంచి 200 మీటర్లకు బదులు 50 మీటర్లకు కుదించింది. అంటే సముద్రం ఎక్కడిదాకా రావచ్చో ప్రభుత్వానికి తెలుసు, అనుమతి ఇచ్చేటప్పుడు దాన్ని చూడనక్కర్లేదు.

రేఖకు చట్టబలం వస్తే ముందుగా మత్స్యకారుల ఇళ్లకే ఎసరు వస్తుందన్న భయం న్యాయమైనదే. అందుకే కొత్త నిబంధన ఇప్పటికే ఉన్న ఊళ్లకూ, పడవలు లాగే రేవులకూ వర్తించకూడదు. అది కట్టడి చేయవలసింది కొత్తగా కట్టే ఓడరేవులు, విద్యుత్ కేంద్రాలు, రసాయన కర్మాగారాలు, టౌన్‌షిప్‌లను. కట్టడం ఎన్నేళ్లు నిలవాలో దాన్నిబట్టి అంచనా ఎంచుకోవాలి. ఇరవై ఏళ్ల షెడ్డుకు మధ్యస్థ అంచనా చాలు. నూరేళ్లు ఉండవలసినదాన్ని 2 మీటర్ల పెరుగుదలకు తట్టుకుంటుందో లేదో చూశాకే ఒప్పుకోవాలి. లండన్‌ను కాపాడే థేమ్స్ నదీముఖ ప్రణాళిక 2012 నుంచి ఇలాగే నడుస్తోంది. ఒకే అంకెను పట్టుకోకుండా, నీరు ఏ మట్టానికి చేరితే ఏ పని చేపట్టాలో ముందే రాసుకుంది. నెదర్లాండ్స్ తన ప్రణాళికను ఆరేళ్లకోసారి తిరగరాస్తుంది. ఇక్కడి రేఖనూ అలాగే, నమూనాలు మెరుగైనప్పుడల్లా సవరించాలి.

ఆ సవరణకు సొంత నమూనాలు కావాలి. 1981 నుంచి భారత యాత్రా బృందాలు అంటార్కిటికా వెళుతున్నాయి. మైత్రి, భారతి కేంద్రాలు అక్కడ పనిచేస్తున్నాయి. గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రంలో మంచుఫలకాల నమూనాలకు పూర్తికాలపు బృందాన్ని ఏర్పరచాలి. పుణె, నోయిడాల్లోని అర్క, అరుణిక సూపర్ కంప్యూటర్లలో దానికి సమయం కేటాయించాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఆ ఫలితాలకు నేల కుంగుదలను కలిపి మండలాల వారీగా తెలుగులో ప్రచురించాలి. అప్పటిదాకా ఆగనవసరం లేదు. ఐపీసీసీ 2021 అంచనాలు విశాఖపట్నం పోటుపాట్ల కొలమాన కేంద్రానికి దశాబ్దాల వారీగా అందుబాటులో ఉన్నాయి. అనుమతి దరఖాస్తులో వాటిని జతచేయాలన్న ఒక్క షరతుతో ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.