ఇంటి గాలి - కుండీ మొక్కలు

పట్టణములలోనే గాక పల్లెలలో కూడ ఇంటిలోపల కుండీ మొక్కలు పెంచు అలవాటు ఎక్కువగుచున్నది. సంతోషమే. కాని మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు వంటివి గదిలో నుంచినచో చెడుగాలి నంతయు పీల్చి శుభ్రపరచునని అమ్మువారు చెప్పుటయు, మనము నమ్ముటయు జరుగుచున్నది. ఈ నమ్మకమును విడువవలెనని నా అభిప్రాయము.

దీనికి మూలము 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కొరకు వుల్వర్టన్ అను శాస్త్రజ్ఞుడు జరిపిన పరిశోధన. గాలి చొరరాని పెట్టెలలో మొక్కలనుంచి, బెంజీను, ఫార్మాల్డిహైడు ఆవిరులను లోనికి పంపి చూడగా అవి తగ్గినవి. పరిశోధన నిజమే. కాని మన ఇల్లు మూతవేసిన పెట్టె కాదు. ఇట్టి ప్రయోగములను అనేకము పరిశీలించి, 2019లో అక్కడి డ్రెక్సెల్ విశ్వవిద్యాలయము వారు లెక్కగట్టిరి. బయటిగాలి వచ్చిపోవుట వలన మామూలుగా జరుగు శుభ్రత మొక్కల వలననే జరుగవలెనన్న, చదరపు మీటరు నేలకు 10 మొదలు 1000 మొక్కల వరకు కావలెనట! పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల గది సుమారు 9 చదరపు మీటర్లు. తక్కువ లెక్క తీసికొన్నను 90 కుండీలు. ఇక మంచము వేయుటకు చోటెక్కడ?

మన ఇండ్లలో అసలు చిక్కు పొగ. గ్యాసు పొయ్యి ఉన్నను, నీళ్లు కాచుటకు, దాణా ఉడుకబెట్టుటకు పత్తికట్టె, పిడకలు మండించు ఇండ్లు ఇంకను కలవు. ఆ పొగలోని సన్నని నుసి ఊపిరితిత్తుల లోతునకు పోవును. పొయ్యి ముందు కూర్చుండు ఆడవారికి, వారి ఒడిలోని బిడ్డలకు దగ్గు, ఆయాసము తెచ్చును. మూలనున్న మొక్క దీనినేమి చేయగలదు? ఆకులపై మసి పేరుకొని అదే నీరసించును. కుండీలకు పెట్టు డబ్బుతో పొయ్యిని ఆరుబయటి పంచకు మార్చుడు. లేదా ఇంటికప్పు దాటునట్లు పొగగొట్టము పెట్టుడు. కిటికీలు ఎదురెదురుగా ఉంచి, తెరచి ఉంచుడు. కిటికీ కట్టించి దానికడ్డముగా బస్తాలు పేర్చువారున్నారు, వారికేమి చెప్పుదుము!

ఆ బస్తాలలో పురుగు పట్టకుండ పెట్టు అల్యూమినియం ఫాస్ఫైడు మాత్ర అన్నిటికన్న భయపడవలసినది. గాలిలోని తేమ తగిలినంతనే అది ఫాస్ఫీన్ వాయువును విడచును. అది ప్రాణాంతకము. మనుష్యులు పండుకొను ఇంట ఈ మాత్రను ఎట్టి పరిస్థితిలోను పెట్టరాదు. ప్రక్క గదిలో పెట్టి తలుపు వేసితిమన్నను చాలదు, సందులగుండ వచ్చును. పురుగుమందు డబ్బాలు సైతము పడకటింటికి దూరముగా, పిల్లలకందకుండ తాళము వేసి ఉంచవలెను. గ్రామాధికారులు ఇండ్లకు పోయినపుడు పూలకుండీలను మెచ్చుకొనుటతోబాటు పొయ్యి ఎక్కడ, మందు ఎక్కడ అని కూడ అడిగిన మేలు.

మొక్కలు వద్దని నేననను. కంటికింపు, మనసుకు హాయి. రాత్రివేళ అవి వదలు బొగ్గుపులుసు వాయువునకు జడియ నక్కరలేదు. ప్రక్కన పండుకొన్న మనిషి వదలునది అంతకు ఎన్నో రెట్లు. అయితే మనీప్లాంటు, డిఫెన్‌బేకియా ఆకులు నమిలిన నోరు మండి వాచును గనుక పసిపిల్లలకు, దూడలకు అందనీయరాదు. కుండీ క్రింది పళ్లెములో నిలిచిన నీట డెంగీ దోమ పెరుగును. వారమునకొకసారి నీరు పారబోసి, అంచుల కంటిన గ్రుడ్లు పోవునట్లు పళ్లెమును రుద్ది కడుగుడు.