నిష్కామకర్మ భృత్యునికి మాత్రమేనా?

భగవద్గీత ద్వితీయాధ్యాయంలోని 47వ శ్లోకం నేడు కార్యాలయాలలో తరచుగా వినబడుతోంది. ఫలాపేక్ష లేక శ్రమించమని ఉద్యోగికి ప్రబోధం! ఆ ఉపదేశం సాధకుని అంతఃకరణశుద్ధికై వెలసినది. జీతం తగ్గించుటకు ప్రమాణం కాదు.

యజమాని ధర్మమేమిటో అయోధ్యాకాండ నూరవ సర్గలో ఉన్నది. చిత్రకూటంలో, తండ్రి మరణవార్త ఇంకా చెవిని పడకముందే, శ్రీరాముడు భరతుని అడిగిన ప్రశ్నలలో ఇదొకటి: సైన్యానికి ఆహారాన్నీ, ఉచితవేతనాన్నీ విలంబం లేక సకాలంలో ఇస్తున్నావా? ఆలస్యమైతే భృత్యులు ప్రభువుపై కుపితులవుతారనీ, అది మహానర్థమనీ హెచ్చరించాడు. జటావల్కలధారికి జీతాల చింత! సభాపర్వంలో నారదుడు ధర్మరాజును అడిగినదీ ఇదే. ఉభయత్రా ప్రశ్న పాలకునికే, భృత్యునికి కాదు.

పతంజలి నియమాలలో పేర్కొన్న సంతోషం స్వయంగా అభ్యసించవలసినది, పరులపై విధించదగినది కాదు. అవమానంతో క్షోభించిన మనస్సుకు నిద్ర కరవు; నిద్రలేని చేతికి నైపుణ్యం కరవు. ఆదరణ, విశ్రాంతి, న్యాయమైన వేతనం పొందినవానికి స్వకర్మను అర్చనగా భావించమన్న అష్టాదశాధ్యాయబోధ సుకరమవుతుంది.

47వ శ్లోకాన్ని ఉటంకించే యజమానులు లాభాల పంపకం నాడు కూడా దానిని పఠిస్తే వినవలెనని ఉన్నది.