ప్రక్కచూపునకు తెర

మార్కాపురపు రాతిపలకపై బలపముతో బిడ్డ వ్రాసిన అక్షరము ఎదుటనున్న తల్లికిని, ప్రక్కనున్న అన్నకును, వెనుక నిలిచిన పంతులుగారికిని ఒక్క తీరుగనే కనబడును. బలపపు పొడి తనపై బడిన వెలుతురును అన్ని దిక్కులకును చిమ్ముటయే యిందులకు కారణము. పలకకు గుణమైన యీ సంగతియే సెల్‌ఫోనుకు దోషమగుచున్నది. మార్కాపురమునుండి కంభము మీదుగా గిద్దలూరు పోవు బస్సులో కూర్చుండి డ్వాక్రా సంఘపు కిస్తు చెల్లించు సోదరి పిన్ నంబరును, ఖాతాలోని నిలువను ప్రక్క సీటువారు కోరకయే చదువుదురు.

ఇందులకు విరుగుడుగా అంగళ్లలో "ప్రైవసీ గ్లాసు" అను నల్లని పొర దొరకును. మందమైన చెక్కలను ఎడమెడముగా నిలువున పాతిన దడిని తలచుకొనుడు. ఎదురుగా నిలిచినవారికి సందులగుండ పెరడు కనబడును. ప్రక్కకు జరిగినవారికి చెక్కలే కనబడును. ఆ పొరలోనున్నవి కంటికందని యట్టి దడులే. సూటిచూపునుండి అటునిటు సుమారు 30 డిగ్రీలు దాటినవారికి తెర నల్లబడును.

వెలుతురు కొంత ఆ పొరలోనే యింకిపోవుటచే బొమ్మ మసకబారును. కాంతి పెంచిన బ్యాటరీ త్వరగా తరుగును. అది సహింపవచ్చును. కాని యా పొర ఎల్లవేళల మూసిన తలుపే. దూరముననున్న మనుమరాలు వీడియోలో మాటలాడుచుండగా అవ్వయు తాతయు చెరియొక ప్రక్కను కూర్చుండి చూడజాలరు. అంతకు మించి, "నీ ఫోనుకు నలుపెందుకు? ఏమి దాచుచున్నావు?" అను ప్రశ్న యింటిలోనే పుట్టును. తన పొదుపు సొమ్మెంతయో తనకు మాత్రమే తెలిసియుండుట తప్పెట్లగునో నాకు దోచదు. మగవారి చొక్కాజేబు నెవరును అట్లు ప్రశ్నింపరు గదా!

కావున వలసినపుడు మూసి, వలదన్నపుడు తెరువదగిన తెర కావలెను. దానికి మూలము ద్రవస్ఫటికము. 1888లో ఫ్రెడరిక్ రైనిట్జర్ అను ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు క్యారెట్టు దుంపలనుండి తీసిన కొలెస్ట్రాలుతో చేసిన యొక పదార్థమును కాచుచుండగా, అది 145.5 డిగ్రీల సెంటిగ్రేడువద్ద కరగియు పాలవలె మసకగనుండి, 178.5 డిగ్రీలవద్ద తేటపడెను. ద్రవమువలె పారుచునే అణువుల క్రమమును కొంత నిలుపుకొను వస్తువది. మన బెంగుళూరులోని రామన్ పరిశోధనాసంస్థయందు శివరామకృష్ణ చంద్రశేఖరుగారును సహచరులును పళ్లెములవంటి అణువులు గల క్రొత్తతరగతి ద్రవస్ఫటికమును 1977లో లోకమునకు తెలిపిరి.

తెరలలో నొక పద్ధతి యిట్లుండును. వెనుకనున్న దీపపు వెలుతురును ముందుగా సూటిగా నడిపింతురు. దాని దారిలో ద్రవస్ఫటికపు బొట్లు పొదిగిన పొర నుంచుదురు. విద్యుత్తు లేనపుడు బొట్లలోని అణువులు తలకొక దిక్కు చూచుచుండును. పొర పాలవలెనై వెలుతురును నలుదెసల చెదరగొట్టును, ఇంటిల్లిపాదియు చూడవచ్చును. విద్యుత్తు తగిలినంతనే అణువులన్నియు ఒక్క వరుసన నిలుచును. పొర తేటపడి వెలుతురు సూటిగా ఎదుటివారికే చేరును. చిత్రమేమన, మసక పొర చూపును, తేట పొర దాచును! 2016లో హెచ్.పి. సంస్థ, త్రీ ఎం సంస్థతో గూడి, ఒక్క మీట నొక్కినంతనే ప్రక్కచూపు మూసికొను ల్యాప్‌టాపులను ప్రకటించెను. అంటించు పొరతో కుదరని దిదియే: అవసరము తీరగానే మరల నొక్కి తెరను పిల్లల ముందుంచవచ్చును, నలుపెందుకని యడుగువారును ఉండరు.

ఏ తెరయైనను భుజము మీదుగా వెనుకనుండి చూచువానిని ఆపజాలదు. ఏలనన మీ చూపును వాని చూపును ఒకే దారి. మరియొకటి: అంటించు పొరలలో అనేకము కుడియెడమలనే మూయును. ఫోనును అడ్డముగా త్రిప్పిన యెడల ఆ దడులును తిరిగిపోవుటచే ప్రక్కవారికి అంతయు కనబడును. కొనునపుడు అంగడిలోనే నిలువునను అడ్డమునను పట్టి, తోడు వచ్చినవారిని ప్రక్కన నిలిపి చూపించుకొనుడు.