ప్రార్థన ముగిసిన పిమ్మట

ఉదయము గంట మ్రోగినది. పిల్లలు బారులు తీరి నిలిచిరి. ఒక విద్యార్థి ముందుకు వచ్చి పరలోక జపమును ఊపిరి తిప్పుకొనకుండ చదివివేసెను. తక్కినవారి పెదవులు కదలుచుండెను. కన్నులు మాత్రము ఆలస్యముగా వచ్చి గేటు వెలుపల నిలిచిన తోటివానిపై నుండెను. జపము ముగియగానే ఆ పిల్లవానిని పదిమందిలో నిందించి, ఎండలో నిలువబెట్టిరి. ఇతరుల తప్పులను మన్నింతుమని దేవునితో అప్పుడే విన్నవించుకొన్న నోరే వానిని తిట్టినది. నేనొక కథోలిక పాఠశాలలో కన్నులార చూచిన దృశ్యమిది. ఆనాడు ఆ పిల్లలు నేర్చుకొన్న పాఠమేది? ప్రార్థన వేరు, బ్రతుకు వేరు అనియే గదా!

కావున ఈ నిత్యజపములనే మానివేయుట మేలని కొందరందురు. నేను అంగీకరింపను. సుమతీ శతక పద్యములను అర్థము తెలియని వయస్సుననే మనము వల్లించితిమి. కష్టసుఖములు ఎదురైన నాడు గాని వాని అర్థము మనకు తట్టలేదు. జపమాల, మంగళవార్త జపము, త్రికాల జపము కూడ అట్టివే. బాల్యమున కంఠస్థమైన జపము, మాటలు కరవైన దుఃఖవేళ తానై పెదవులపైకి వచ్చును. లోపము వల్లించుటలో లేదు. వల్లించుటతోనే పని తీరినదనుకొనుటలో ఉన్నది.

లూకా సువార్త 11వ అధ్యాయమును గమనింపుడు. తమకు ప్రార్థన నేర్పుమని శిష్యులు ప్రభువును అడిగినది ఎప్పుడు? ఆయన ప్రార్థించి ముగించిన పిమ్మట. ముందు చూచిరి, పిదప అడిగిరి. 1965లో రెండవ వాటికన్ మహాసభ విద్యను గూర్చి వెలువరించిన ప్రకటనయు, ఉపాధ్యాయులు బోధతో పాటు జీవితము చేతను క్రీస్తునకు సాక్షులు కావలెనని కోరినది. సత్యోపదేశ తరగతి వారమునకు కొన్ని గంటలే. ఉపాధ్యాయుని ముఖము పిల్లల యెదుట దినమంతయు నుండును.

మరియొక చిక్కు కలదు. మన కథోలిక పాఠశాలలలో ఇతర మతముల పిల్లలే అనేకులు. ప్రభుత్వ గుర్తింపు గాని, సహాయము గాని పొందిన విద్యాలయమున, మైనరు విద్యార్థిని సంరక్షకుల సమ్మతి లేనిదే మతబోధకు గాని, ఆరాధనకు గాని హాజరు కమ్మనరాదని రాజ్యాంగము 28వ అధికరణము శాసించుచున్నది. దీనిని విశ్వాసమునకు సంకెలగా భావించువారు పొరబడుచున్నారు. విశ్వాసము స్వేచ్ఛతో ఇచ్చు సమాధానమేగాని బలవంతపు పన్ను కాదని అదే మహాసభ 1965 డిసెంబరు 7న ప్రకటించినది. ఫిబ్రవరిలో గుణదల కొండ నెక్కు జనులలో కథోలికులు కానివారెందరో కలరు. వారిని ఏ హాజరుపట్టీ అచటికి రప్పించినది?

అయిన చేయదగినదేమి? కథోలిక బాలబాలికలకు జపములను, దివ్యబలిపూజను అర్థము విప్పి శ్రద్ధతో నేర్పవలెను. అందరికిని దినాంతమున ఐదు నిమిషముల మౌనము నీయవలెను. ఇగ్నేషియసు లొయోలా (1491–1556) తన అనుచరులకు నేర్పిన ఆత్మశోధన ఇట్టిదే: నేడు పొందిన మేలేమి? నావలన నొచ్చినదెవరు? రేపు దిద్దుకొనవలసినదేమి? కథోలిక బాలుడు ఈ ప్రశ్నలను తన ప్రభువు సన్నిధిని వేసికొనును. తక్కినవారు తమ అంతరాత్మ యెదుట వేసికొందురు. ఉపాధ్యాయులారా, ఆ ఐదు నిమిషములును మీరు నోటుపుస్తకములు దిద్దుచు గడపవలదు. మీరును కన్నులు మూసికొనుడు. పిల్లలు ఓరకంట చూచెదరు, చూడనిండు.

ఇక ఆ గేటు వెలుపలి పిల్లవాడు. రేపును వాడు ఆలస్యముగా రావచ్చును. ప్రార్థన ముగియగానే ఒక ఉపాధ్యాయుడు వాని కడకు నడచి, "ఏమి నాయనా, ఇంటివద్ద అంతయు క్షేమమేనా?" అని అడిగెనా, ఆ ఉదయము బారులు తీరి నిలిచిన పిల్లలందరును ప్రార్థన యననేమో నేర్చికొందురు. విద్యార్థులారా, అట్టి గురువు మీకు లభించనిచో నిరాశపడకుడు. వానికి మీ ప్రక్క చోటిచ్చి నిలుపుకొనుడు.